ఎడారి కొండ అంచుల్లో పాత సముద్ర మట్టాలు చదవడం: బుక్ క్లిఫ్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో హెల్పర్, ప్రైస్ పట్టణాల దగ్గర మొదలై కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్ దాకా దాదాపు 300 కిలోమీటర్లు సాగే కొండ అంచు బుక్ క్లిఫ్స్. సుమారు 8 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రతీరం ఎన్నిసార్లు ముందుకు జరిగిందో, ఎన్నిసార్లు వెనక్కి తగ్గిందో ఇక్కడి షేల్ (బురద గట్టిపడిన రాయి), ఇసుకరాయి, బొగ్గు పొరల్లో తెలుస్తుంది. జియాలజీ విద్యార్థులు, చమురు బావుల లాగ్‌లు (లోతు వెంట రాళ్ళ కొలతల నమోదులు) చూసేవాళ్ళు, సెలవుల్లో ఆ దారిన వెళ్ళే మనవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇక్కడ చేర్చాం. అన్ని జవాబుల వెనకా ఉన్న మాట ఒకటే: పొరల కన్నా పొరల మధ్య ఉన్న తలాల మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. సముద్రం ఏం చేసిందో చెప్పేది ఎక్కువగా ఆ తలాలే.

ఎడారిలో సముద్రపు రాళ్ళేంటి? ఇవి ఎడారిలో ఏర్పడినవి కావా?

కావు. ఇప్పుడు అక్కడ ఎడారి ఉందంతే. క్రెటేషియస్ కాలంలో ఉత్తర అమెరికా నడిమధ్యలో ఆర్కిటిక్ నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో వరకు ఒక లోతు తక్కువ సముద్రం ఉండేది. దాన్ని వెస్టర్న్ ఇంటీరియర్ సీవే అంటారు. బాగా విస్తరించిన రోజుల్లో దాని వెడల్పు వెయ్యి కిలోమీటర్ల దాకా ఉండేది. దానికి పడమర సెవియర్ పర్వతాలు లేస్తున్నాయి. ఆ పర్వతాల బరువుకు పక్కనున్న నేల కుంగింది, కుంగిన పల్లంలోకి నదులు ఇసుక, బురద తెచ్చి పోశాయి. తీరం యూటా మీదుగా తూర్పుకూ పడమరకూ జరుగుతూ వచ్చింది.

అయితే ఎడారిలోనే ఎందుకు చదవాలి?

మట్టి, చెట్టు కప్పకపోవడం వల్ల. తడి ప్రాంతంలో ఒక రోడ్డు కోతలో పది మీటర్ల రాయి కనిపిస్తుంది, తర్వాతి కోత రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది, మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవాలి. బుక్ క్లిఫ్స్‌లో ఒకే తలాన్ని చూపుతోనే కిలోమీటర్ల పొడవునా వెంబడించవచ్చు. పైగా హెల్పర్ నుంచి గ్రీన్ రివర్ వైపు వెళ్ళేటప్పుడు కొండ అంచు పాత తీరరేఖకు చాలావరకు అడ్డంగా సాగుతుంది. పడమర నేల వైపు నుంచి తూర్పున లోతు నీటి వైపు వరకు ఒకే కోతలో దొరకడం అరుదు. ఎక్సాన్ కంపెనీలో పనిచేసిన జాన్ వాన్ వాగనర్, ఆయన సహచరులు 1990లో సీక్వెన్స్ స్ట్రాటిగ్రఫీ (తలాలను బట్టి పొరలను కట్టలుగా విడదీసి చదవడం) పద్ధతిని బావి లాగ్‌లు, కోర్లు (బావిలోంచి తీసిన రాతి కడ్డీలు), బయటి రాళ్ళ మీద చూపించినప్పుడు బుక్ క్లిఫ్స్‌ను ముఖ్య ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఇదే. అంతకు చాలా ముందే, 1955లో, రాబర్ట్ యంగ్ ఇక్కడి ఇసుక నాలుకలు షేల్‌లోకి చొచ్చుకుపోయిన తీరును వివరించాడు.

ఒక గట్టు ముందు నిలబడితే కింది నుంచి పైకి ఏం కనిపిస్తుంది?

ఈ ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

అన్నిటికన్నా కింద బూడిద రంగు మాంకోస్ షేల్. తీరానికి దూరంగా, అలలు తాకని అడుగున నెమ్మదిగా పేరుకున్న బురద ఇది. పైకి ఎక్కుతుంటే ఆ షేల్‌లో ఐదు, పది సెంటీమీటర్ల సన్నటి ఇసుక పొరలు మొదలవుతాయి. ఒక్కో పొర ఒక్కో తుఫాను. కింది అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, లోపలి గీతలు మెల్లగా ఉబ్బి మళ్ళీ దిగుతాయి, వాలు 15 డిగ్రీలు దాటదు, ఒక ఉబ్బు నుంచి మరో ఉబ్బుకు ఒకటి నుంచి ఐదు మీటర్ల దూరం. వీటిని హమ్మాకీ క్రాస్ స్ట్రాటిఫికేషన్ అంటారు. మామూలు అల అందని లోతులో, తుఫాను అలకు మాత్రం అందే అడుగున ఇవి పుడతాయి.

ఇంకా పైకి వెళ్తే బురద తగ్గి ఇసుక పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇదే కింది షోర్‌ఫేస్. షోర్‌ఫేస్ అంటే బీచ్ ముందు అలలు ఇసుకను కదిపే సముద్రపు అడుగు. ఇక్కడ చెయ్యి పెట్టి తడమండి. బొటనవేలు లావున గొట్టాల్లాంటి బొరియలు, వాటి బయటి గోడ మీద బొడిపెలు తగులుతాయి. అవి ఓఫియోమోర్ఫా. రొయ్య జాతి జీవులు ఇసుకలో తవ్విన బొరియ కూలకుండా బురద ఉండలతో గోడకు పూత పూసుకున్న గుర్తు. గోడ మీద బొడిపెలు లేని గొట్టమైతే వేరే జీవిది, పేరు మార్చి రాయాలి.

దాని పైన గరిటె ఆకారపు క్రాస్ బెడ్‌లతో (పొర లోపల ఏటవాలుగా ఉండే గీతలతో) పై షోర్‌ఫేస్. ఇసుక రేణువు ఇక్కడ కాస్త పెద్దదవుతుంది. ఇంకా పైన, సముద్రం వైపు రెండు మూడు డిగ్రీలు మాత్రమే వాలిన, చదునైన సన్న గీతలు. అల ఎగదోసి వెనక్కి లాగిన బీచ్ ముఖం అది. ఇది దొరికితే సంతోషించండి. ఆ గీతలున్న మీటరు రెండు మీటర్ల మందంలోనే ఆనాటి సముద్ర మట్టం ఉంది. ఈ గట్టు మొత్తంలో నీటి ఎత్తు ఇంత కచ్చితంగా తెలిసే చోటు మరోటి లేదు. దాని పైన వేళ్ళ గుర్తులు, ఆ పైన బొగ్గు.

అంటే కింది నుంచి పైకి నీళ్ళు లోతు తగ్గుతూ వచ్చాయి, రేణువు పెద్దదవుతూ వచ్చింది. ఇలాంటి ఒక కట్టను పారాసీక్వెన్స్ అంటారు. సాధారణంగా పది నుంచి ముప్ఫై మీటర్ల మందం ఉంటుంది.

పైన ఉన్నది తర్వాత ఏర్పడింది సరే, అవి ఒకప్పుడు పక్కపక్కన ఉండేవని ఎలా చెప్తారు?

జొహానెస్ వాల్తర్ 1894లో చెప్పిన నియమం ఇది: మధ్యలో కోత లేకుండా ఒకదాని మీద ఒకటి వచ్చిన పొరలు, ఏర్పడే రోజుల్లో పక్కపక్కన ఉండే చోట్లవే. బీచ్, దాని ముందు అలల ఇసుక, దాని ముందు బురద ఎలా పక్కపక్కన ఉంటాయో, తీరం ముందుకు జరిగినప్పుడు అవే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఈ నియమంలో ఎక్కువ మంది మర్చిపోయేది "మధ్యలో కోత లేకుండా" అన్న షరతు. బురద మీద నేరుగా నది ఇసుక కనిపిస్తే వాల్తర్ నియమం అక్కడ పనిచెయ్యలేదని అర్థం. మధ్యలో ఉండాల్సినవి ఏవో తప్పిపోయాయి, ఎందుకు తప్పిపోయాయో వెతకాలి.

సముద్రం మళ్ళీ నేల మీదకు వచ్చిందని చెప్పే ముంపు తలాన్ని ఎలా గుర్తుపట్టాలి?

బీచ్ ఇసుక మీదో బొగ్గు మీదో ఒక్కసారిగా షేల్ మొదలయ్యే చోటే ముంపు తలం. లోతు నెమ్మదిగా కాకుండా అకస్మాత్తుగా పెరిగినట్టు కనిపించాలి. ఆ తలం మీద కొన్ని సెంటీమీటర్ల మందంలో గవ్వ ముక్కలు, సొర పళ్ళు, చిన్న గులకరాళ్ళు పరిచినట్టు ఉంటే అలలు పాత బీచ్‌ను కోసి సన్నటిదంతా కొట్టుకుపోగా మిగిలిన బరువైన సరుకు అది. కొన్నిచోట్ల ఆ పరుపులో కొయ్య ముక్కలూ, వాటికి గుండ్రటి రంధ్రాలూ కనిపిస్తాయి. కొయ్యను తొలిచే ఆల్చిప్ప జాతి జీవుల పని అది. ఆ గుర్తును టెరెడోలైట్స్ అంటారు, ఉప్పునీరు ఆ కొయ్యను తాకిందనడానికి మంచి సాక్ష్యం.

దూరం నుంచి చూస్తే ఈ తలం దగ్గర వాలు మారుతుంది. ఇసుకరాయి నిలువుగా, షేల్ ఏటవాలుగా ఉండటం వల్ల ప్రతి ముంపు తలం ఒక చదునైన మెట్టులా ఉంటుంది. ఎక్కే ముందు ఎదురు గట్టు నుంచి ఫోటో తీసి, దాని మీద ఆ మెట్లన్నీ గీసుకోండి. గట్టు దగ్గరికి వెళ్ళాక కనపడనివి ఫోటోలో కనిపిస్తాయి.

మరి సముద్రం కిందికి దిగిన గుర్తు?

ఇది కష్టమైన ప్రశ్న. ఇక్కడే ఎక్కువ వాదాలు ఉన్నాయి. మట్టం పడిపోతే నదులు తమ పాత మైదానాన్ని కోసుకుంటూ లోతైన లోయలు చేస్తాయి. తర్వాత మట్టం లేచినప్పుడు ఆ లోయలు ఇసుకతో, నదీముఖపు బురదతో నిండుతాయి. కాబట్టి వెతకాల్సినవి ఇవి: కింది షోర్‌ఫేస్ మీదో, అంతకన్నా లోతు బురద మీదో నేరుగా కూర్చున్న ముతక నది ఇసుక, కింది నుంచి పెరికిన బురద ముక్కలు, పక్కకు వెళ్ళేకొద్దీ కింది పొరలను ఒక్కొక్కటిగా మింగుతూ పోయే కోత. లోయల మధ్య ఎత్తు నేలల్లో మాత్రం కోత కనిపించదు, అక్కడ అదే తలం వేళ్ళ గుర్తులున్న పాత నేలపొరగా మిగులుతుంది.

ఒక తలంలో ఎంత కాలం మాయమవుతుందో తెలుగువాళ్ళకు చూపించడానికి తిరుమల ఘాట్ రోడ్డు చాలు. అక్కడ పాత గ్రానైట్ల మీద క్వార్ట్‌జైట్ పొరలు నేరుగా కూర్చున్నాయి, మధ్యలో కోట్ల ఏళ్ళు లేవు. బుక్ క్లిఫ్స్‌లో మాయమైన కాలం అంతకన్నా ఎంతో తక్కువ, కానీ చదివే పద్ధతి అదే.

ఒక్క నది కాలువ అడుగు కోతను చూసి మట్టం పడిందని రాయకండి. ఏ నదైనా తన లోతు మేర అడుగును కోస్తుంది. కోత లోతు, దాని మీదున్న ఒక్క కాలువ మందానికి మించి ఉండాలి, చాలా కిలోమీటర్లు సాగాలి, కోసిన పొరల్లో కనీసం ఒక పారాసీక్వెన్స్ పోయి ఉండాలి. ఈ మూడూ కుదిరితేనే మేం దాన్ని సీక్వెన్స్ బౌండరీ అంటాం. బ్లాక్‌హాక్ అనే పొరల కట్ట (ఇక్కడి తీరపు ఇసుకరాళ్ళు, బొగ్గు ఉన్నది) మీద గోడలా నిలబడ్డ క్యాసిల్‌గేట్ ఇసుకరాయి అడుగు తలం మట్టం పడటం వల్ల వచ్చిందా, పడమటి పర్వతాలు లేవడం వల్ల వచ్చిందా అన్నది ఇప్పటికీ తేలలేదు. రెండు వైపులా రాతి సాక్ష్యం ఉంది.

ప్రతి ముంపు తలమూ ప్రపంచమంతటా సముద్రం లేచినట్టేనా?

కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందుగా వదిలించుకోవాల్సిన భ్రమ ఇదే. రాయిలో నమోదయ్యేది తీరం ఎటు జరిగిందన్నది మాత్రమే. తీరాన్ని జరిపేవి మూడు: సముద్ర మట్టం, నేల కుంగడం, నది తెచ్చే ఇసుక. ఇసుక ఆగిపోతే సముద్రం ఒక్క సెంటీమీటరు లేవకపోయినా తీరం మునుగుతుంది.

దీనికి ఉదాహరణ కాకినాడ పక్కనే ఉంది. ఉప్పాడ తీరాన్ని సముద్రం దశాబ్దాలుగా కోస్తోంది, ఇళ్ళు, రోడ్డు పోయాయి. దానికి కొంచెం దక్షిణాన, అదే సముద్రంలో, కాకినాడ ముందు ఇసుక మేట ఉత్తరం వైపు పొడుగ్గా పెరిగింది. ఈ రెండూ రాయిగా మారాక ఎవరైనా చదివితే ఒక చోట సముద్రం ముందుకు వచ్చినట్టు, మరో చోట వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి రెండు చోట్లా మట్టం ఒకటే, తేడా ఇసుక పంపకంలో ఉంది. డెల్టాలో నది పాయ మారినా ఇదే జరుగుతుంది: వదిలేసిన పాయ ముందున్న బురద తన బరువుకే అణిగి, మునిగి, పైన షేల్ కప్పుకుంటుంది.

వేరు చేసేది విస్తీర్ణం. ఒక ముంపు తలం పది, పదిహేను కిలోమీటర్లలో ముగిసిపోయి, పక్కన అదే స్థాయిలో తీరం ముందుకు సాగుతూ ఉంటే అది పాయ మారిన గుర్తు. తీరరేఖ వెంబడి వంద కిలోమీటర్లకు పైగా, వేర్వేరు నదుల ముందు కూడా ఒకే తలం దొరికితే అప్పుడు మట్టం మాట ఎత్తవచ్చు. అప్పుడు కూడా "సాపేక్ష మట్టం" అనే రాయాలి, ఎందుకంటే నేల కుంగుడు అందులో కలిసే ఉంటుంది.

సముద్రం ఎన్ని మీటర్లు లేచిందో లెక్కకట్టవచ్చా?

ఒక హద్దులోపు కట్టవచ్చు. పద్ధతి చూపడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక బీచ్ గీతల నుంచి పైనున్న పారాసీక్వెన్స్ బీచ్ గీతల వరకు 20 మీటర్ల రాయి ఉంది. అందులో 8 మీటర్లు షేల్, 12 మీటర్లు ఇసుకరాయి.

రాయి ఇప్పుడు అణిగి ఉంది, ముందు దాన్ని విప్పాలి. సూత్రం: పాత మందం = ఇప్పటి మందం × (1 − ఇప్పటి ఖాళీ) ÷ (1 − అప్పటి ఖాళీ). ఇక్కడ ఖాళీ అంటే రేణువుల మధ్య జాగా నిష్పత్తి. ఇసుకలో మొదట 0.40, ఇప్పుడు రేణువుల మధ్య జాగా 0.28 అనుకుంటే 12 × 0.72 ÷ 0.60 = 14.4 మీటర్లు. షేల్‌లో ఇప్పుడు 0.10. అప్పటి ఖాళీకి తాజా బురద విలువ 0.65 వెయ్యకూడదు, ఎందుకంటే పై బీచ్ ఏర్పడే నాటికే దాని మీద పద్నాలుగు మీటర్ల ఇసుక ఉంది, కొంత అణిగిపోయింది. 0.55 తీసుకుంటే 8 × 0.90 ÷ 0.45 = 16 మీటర్లు. మొత్తం దాదాపు 30 మీటర్లు. రెండు బీచ్‌ల మధ్య కాలంలో సముద్రం, నేల కలిసి ఇచ్చిన జాగా అది.

ఇప్పుడు నేల వాటా తీసెయ్యాలి. కుంగుడు పది లక్షల ఏళ్ళకు 100 మీటర్లు, రెండు బీచ్‌ల మధ్య లక్ష ఏళ్ళు అనుకుంటే కుంగుడు 10 మీటర్లు. మిగిలిన 20 మీటర్లలో కింద ఉన్న మందపాటి మాంకోస్ బురద అణగడం కొంత, మిగతాది సముద్రం. అదే రెండు లక్షల ఏళ్ళు అనుకుంటే కుంగుడే 20 మీటర్లు, సముద్రానికి పదే మిగులుతుంది. అంటే కాలం రెట్టింపయితే జవాబు సగమైంది. అందుకే ఒకే సంఖ్య ఇవ్వకుండా, కింది హద్దు, పై హద్దు రెండూ ఇవ్వాలి.

ఇందులో మామూలుగా జరిగే తప్పు ఇసుకరాయి దగ్గర ఉంది. ఇప్పుడు ల్యాబ్‌లో కొలిచిన ఖాళీ 0.15 వస్తే దాన్నే సూత్రంలో వేస్తారు, పాత మందం 17 మీటర్లకు ఎగబాకుతుంది. కానీ ఖాళీలో కొంత భాగం సిమెంటుతో నిండింది, అణగడం వల్ల పోలేదు. పల్చని రాతికోత తీసి మైక్రోస్కోప్ కింద సిమెంటును కూడా ఖాళీలో కలిపి లెక్కపెట్టాలి.

కాలం ఎలా తెలుస్తుంది?

రెండు దారులు. మొదటిది అమ్మోనైట్ శిలాజాలు. ముఖ్యంగా బాక్యులైట్స్ అనే నిటారు గొట్టం లాంటి జాతులు త్వరగా మారుతూ వచ్చాయి. అమెరికా జియలాజికల్ సర్వేలో పనిచేసిన విలియం కాబన్ వీటితో వెస్టర్న్ ఇంటీరియర్ అంతటికీ మండలాల వరుస తయారుచేశాడు. ఒక్కో మండలం సగటున అర మిలియన్ ఏళ్ళకు అటూ ఇటూ. రెండోది అగ్నిపర్వతపు బూడిద పొరలు, అంటే బెంటొనైట్లు. వాటిలోని సానిడీన్‌ను ఆర్గాన్ పద్ధతితోనో, జిర్కాన్‌ను యురేనియం-సీసం పద్ధతితోనో కాలం కడతారు.

చిక్కు ఏమిటంటే అమ్మోనైట్లు, బెంటొనైట్లు షేల్‌లో బాగా నిలుస్తాయి, బీచ్ ఇసుకలో దాదాపు నిలవవు. కాబట్టి షేల్‌లో దొరికిన కాలాన్ని తలం వెంట నడిచి బీచ్ వరకు మోసుకురావాలి. ఆ నడకలో ఒక తలం తప్పితే కాలమంతా తప్పుతుంది.

మా సెక్షన్‌ను (కింది నుంచి పైకి కొలిచిన పొరల వరుసను) ప్రపంచ సముద్ర మట్ట వక్రరేఖతో సరిపోల్చవచ్చా?

తొందరపడవద్దు. 1987లో హక్, హార్డెన్‌బోల్, వెయిల్ ప్రచురించిన వక్రరేఖలో మట్టం లేచి పడిన సంఘటనలు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయంటే, కాలంలో అర మిలియన్ ఏళ్ళ తప్పు ఉన్న ఏ సెక్షన్‌కైనా అందులో ఏదో ఒకటి దొరుకుతుంది. 1992లో ఆండ్రూ మైఆల్ యాదృచ్ఛిక సంఖ్యలతో నాలుగు కల్పిత సెక్షన్లు తయారుచేసి ఆ వక్రరేఖతో పోల్చాడు. అన్నీ కనీసం 77 శాతం "సరిపోయాయి". ముందు మీ సెక్షన్‌కు స్వతంత్రంగా కాలం కట్టండి, తప్పు హద్దులతో సహా. ఆ హద్దు మట్టం ఒకసారి లేచి పడే చక్రం వ్యవధి కన్నా పెద్దదైతే పోలిక అక్కడితో ఆపెయ్యాలి.

సెక్షన్ కొలవడానికి ఏం కావాలి, ఎలా కొలవాలి?

క్లినోమీటర్ (వాలు కొలిచే) కంపాస్, 1.5 మీటర్ల జాకబ్ స్టాఫ్ (మందం కొలిచే కర్ర), 10 రెట్ల హ్యాండ్ లెన్స్, రేణువు సైజు కార్డు, సుత్తి, 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉన్న చిన్న సీసా, టేపు, గళ్ళ కాగితం పుస్తకం. ఆసిడ్ కలిపేటప్పుడు నీళ్ళలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్ళు కాదు.

1. ఎదురు గట్టు నుంచి ఫోటో తీసి ముంపు తలాలు, కోతలు గీసుకోండి. ఎక్కే దారి కూడా అందులోనే ఎంచుకోండి.

2. మూడు నాలుగు చోట్ల డిప్ (పొర ఎన్ని డిగ్రీలు వాలిందో) కొలిచి సగటు తీసుకోండి. తుఫాను పొరల ఉబ్బు మీదో, క్రాస్ బెడ్ మీదో కొలవకండి. షేల్‌లోని చదునైన పొర మేలు.

3. క్లినోమీటర్‌ను ఆ డిప్‌కు బిగించి, కర్రను పొరకు లంబంగా వంచి, పొర వెంబడి చూపు సారించి తర్వాతి అడుగు గుర్తుపెట్టుకోండి.

4. 1:100 స్కేలులో లాగ్ గీయండి. అడ్డంగా రేణువు సైజు, నిలువుగా మందం. ప్రతి పొరకు సైజు, లోపలి గీతలు, బొరియలు, కింది అంచు పదునా కాదా, ప్రవాహ దిశ. వ్యాఖ్యానం వేరే గడిలో రాయండి. "బీచ్" అని రాసేముందు "చదునైన సన్న గీతలు, వాలు 3 డిగ్రీలు తూర్పుకు" అని రాసి ఉండాలి.

5. గామా కొలిచే పరికరం ఉంటే ప్రతి అర మీటరుకు ఒక రీడింగ్. బావి లాగ్‌తో కలపడానికి ఇది బాగా పనికొస్తుంది. షేల్‌లో ఎక్కువ, శుభ్రమైన ఇసుకలో తక్కువ. బరువు ఖనిజాలు పేరుకున్న నల్లటి బీచ్ గీతల్లో మాత్రం ఇసుకైనా రీడింగ్ ఎగురుతుంది, అక్కడ కన్నునే నమ్మాలి.

6. పక్క సెక్షన్ కిలోమీటరు లోపు కొలవండి. మధ్యలో తలం వెంట నిజంగా నడవండి.

ఎక్కడ ఎక్కువగా తప్పుతుంది?

డిప్ దగ్గర. ఇక్కడ డిప్ కొన్ని డిగ్రీలే కదా అని వదిలేసి, చూపును చదునుగా పెట్టి కొలుస్తూ పోతారు. 5 డిగ్రీల డిప్ ఉన్నప్పుడు వాలే దిశలో వంద మీటర్లు పక్కకు జరిగితే 8.7 మీటర్ల మందం లెక్క తప్పుతుంది. అంటే దాదాపు ఒక చిన్న పారాసీక్వెన్స్ అంత.

రెండోది జారిపడిన బండలు. గట్టు కింద ఇంటి గదంత ఇసుకరాయి ముక్క షేల్ మీద కూర్చుని ఉంటుంది, అందులో గీతలు తలకిందులుగా ఉన్నా తెలియదు. దాని డిప్ చుట్టుపక్కల వాటితో కలవకపోతే లాగ్‌లోకి ఎక్కించకండి.

మూడోది గుండ్రటి గట్టి ముద్దలను పొరలనుకోవడం. డోలమైట్ తరహా సిమెంటు పట్టిన ముద్దలు గోధుమ రంగులో పొడుచుకు వస్తాయి. వాటి మీద ఆసిడ్ వెంటనే పొంగదు, గీరి పొడి చేస్తేనే పొంగుతుంది. లోపలి గీతలు ముద్దలోంచి బయటికి ఆగకుండా సాగితే అది తర్వాత గట్టిపడినదే, వేరే పొర కాదు.

బొగ్గు ఎప్పుడూ తీరపు ఇసుక మీదే ఎందుకు ఉంటుంది?

బీచ్ ముందుకు జరిగాక దాని వెనక మడుగులు, చిత్తడి నేలలు ఏర్పడ్డాయి. సముద్రం నెమ్మదిగా లేస్తూ భూగర్భజలాన్ని పైకి తోస్తుంటే మొక్కల చెత్త కుళ్ళకుండా నీటిలో మునిగి పేరుకుంది. బొగ్గుకు కింద ఉన్న ఇసుకరాయి తరచుగా తెల్లగా ఉంటుంది. పైనున్న చిత్తడి నుంచి దిగిన ఆమ్లపు నీళ్ళు ఇనుమును కడిగేశాయి. కింద పసుపు, పైన తెలుపు, ఆ పైన నలుపు: దూరం నుంచే బీచ్ పైకప్పు ఎక్కడుందో ఈ రంగులు చెప్పేస్తాయి.

బ్లాక్‌హాక్‌లోని ఆరు ఇసుక నాలుకల పేర్లు కింది నుంచి స్ప్రింగ్ కాన్యన్, అబెర్డీన్, కెనిల్‌వర్త్, సన్నీసైడ్, గ్రాసీ, డెజర్ట్. ఒక్కోటి మొత్తమ్మీద ముందుదానికన్నా తూర్పుకు చేరింది. వీటిలో కెనిల్‌వర్త్, సన్నీసైడ్ గని ఊళ్ళ పేర్లు కూడా. ఈ బొగ్గు కోసం మనుషులు ప్రాణాలిచ్చారు. 1924 మార్చి 8న క్యాసిల్ గేట్ గని పేలుడులో 172 మంది చనిపోయారు. ఆ లోయలో సెక్షన్ కొలిచేవాళ్ళు ఆ సంగతి తెలుసుకుని వెళ్ళాలి. పాత గని నోళ్ళలోకి మాత్రం అడుగు పెట్టవద్దు.

చుట్టుపక్కల ఉన్న ఎర్రటి ఇసుకరాళ్ళు కూడా సముద్రానివేనా?

అన్నీ కావు. నవాహో ఇసుకరాయి నిజంగానే జురాసిక్ ఎడారి దిబ్బలు. మీటర్ల ఎత్తున, 20 డిగ్రీలకు పైగా వాలిన క్రాస్ బెడ్‌లు, గుండ్రని రేణువులు, దాదాపు బురద లేకపోవడం, సముద్రపు గవ్వలు, ఓఫియోమోర్ఫా లేకపోవడం దిబ్బల గుర్తులు. రంగును బట్టి తేల్చకండి.

ఎప్పుడు వెళ్ళాలి? అనుమతులు కావాలా?

ఏప్రిల్, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఎక్కడో కురిసిన వానకు ఎండిన వాగులో ఒక్కసారిగా వరద వస్తుంది. మాంకోస్ షేల్ మీది మట్టిరోడ్డు తడిస్తే కారు కదలదు, నాలుగు చక్రాల బండి కూడా. వాన సూచన ఉంటే తారు రోడ్డు దాటకండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి.

ఆర్చెస్ పార్కుకు వెళ్ళే తెలుగు కుటుంబాలు ఐ-70 మీద గ్రీన్ రివర్ దాటాక ఉత్తరం వైపు చూస్తే ఈ గట్టు కిలోమీటర్ల పొడవునా కనిపిస్తుంది. పిల్లలకు బూడిద షేల్ ఎక్కడ ఆగి ఇసుకరాయి ఎక్కడ మొదలైందో కారులోంచే చూపించవచ్చు.

నేల చాలావరకు కేంద్ర భూనిర్వహణ శాఖ చేతిలో ఉంది. సొంతానికి కొద్దిపాటి మామూలు గవ్వ శిలాజాలు తీసుకోవచ్చు, అమ్మకూడదు. వెన్నెముక జంతువుల శిలాజాలకు అనుమతి తప్పనిసరి. సొర పన్ను కూడా ఆ కిందికే వస్తుందని చాలామందికి తెలియదు. ఉత్తరాన ఉన్న యూట్ తెగ భూమిలోకి వారి అనుమతి లేకుండా వెళ్ళకూడదు.

ఆంధ్రలో ఇలాంటివి ఎక్కడ చూడవచ్చు?

గోదావరి, కృష్ణ జిల్లాల మెట్ట ప్రాంతంలో గోలపల్లి ఇసుకరాయి, దాని మీద రాఘవాపురం షేల్, దాని మీద తిరుపతి ఇసుకరాయి ఉన్నాయి. క్రెటేషియస్‌లో సముద్రం నేల మీదకు వచ్చి మళ్ళీ తగ్గిన కథ ఇందులో ఉంది. తిరుపతి ఇసుకరాయి అంటే ఏడుకొండల రాయి అనుకోకండి, ఆ కొండలవి అంతకన్నా ఎంతో పాత క్వార్ట్‌జైట్లు. రాజమహేంద్రవరం దగ్గర పంగిడి, కాతేరు, దుద్దుకూరు క్వారీల్లో దక్కన్ లావాల కిందా మధ్యలోనూ సముద్రపు గవ్వలున్న సున్నపురాయి దొరుకుతుంది.

ఇక్కడ పచ్చదనం, లేటరైట్ మట్టి రాయిని కప్పేస్తాయి కాబట్టి బుక్ క్లిఫ్స్‌లా తలం వెంట నడవలేం. క్వారీ గోడలు, కాలువ తవ్వకాలు, బోరు వేసేటప్పుడు పైకొచ్చే మట్టి, వీటిమీదే ఆధారపడాలి. బోరు మట్టి తీసుకుంటే ప్రతి మూడు మీటర్లకు ఒక సంచి, దాని మీద లోతు రాసి పెట్టండి. కడగకుండా ఆరబెట్టండి, కడిగితే ముందు పోయేది షేలే. క్వారీ గోడను తవ్వకం ముందుకు సాగేలోపే ఫోటో తీసి, కొలిచి ఉంచుకోవాలి. వచ్చే ఏడాదికి ఆ గోడ ఉండకపోవచ్చు.